మా నాన్న పెట్టించిన తలుపు

మా నాన్న రిటైరైన ఏడాదే చట్టం కూడా రిటైరయింది. ముప్పై నాలుగేళ్లు ఆయన నాలుక చివర కూర్చుని ఉద్యోగం చేసిన సెక్షన్లన్నీ ఒక్క ఉదయాన నంబర్లు మార్చుకుని వెళ్లిపోయాయి. హత్య 302 నుంచి 103కి దిగింది. మోసం 420 నుంచి 318కి వచ్చి పడింది. మా వీధిలో తిట్టుకునేవాళ్లకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు, వాళ్లు ఇప్పటికీ పాత చట్టం కిందే తిట్టుకుంటున్నారు. వీడ్కోలు సభలో నాన్నకి శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు. పాత చట్టానికి ఆ మర్యాద కూడా జరగలేదు.

మాది గజపతినగరం. నాన్న కానిస్టేబుల్‌గా చేరి, చాలా ఏళ్లు హెడ్డుగా ఉండి, చివరి ఆరేళ్లు ఎస్సైగా చేసి దిగాడు. బొబ్బిలి, సాలూరు, శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మా మంచాలూ గిన్నెలూ ఆయనతో తిరిగాయి. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు లా కాలేజీలో చదువుతున్నాను. ఇంట్లో చిన్నప్పటి నుంచీ నా మీద పెట్టిన కేసులకి నేనే వాదించుకుంటే మేలని ఆ కోర్సులో చేరాను.

మా కాలేజీలో శనివారాలు నేర న్యాయం మీద ఒక సర్టిఫికెట్ కోర్సు మొదలుపెట్టారు. పుస్తకంలో ఉన్నది చెప్పడానికి మాస్టార్లు ఉన్నారు, పుస్తకంలో లేనిది చెప్పడానికి ఒక పాత పోలీసు కావాలన్నారు. మా ప్రిన్సిపాల్ మేడమ్ ఒకప్పుడు కోర్టులో ప్రాక్టీసు చేసేవారు. నాన్నని రెండు మూడుసార్లు సాక్షి బోనులో నిలబెట్టి చెమటలు పట్టించారట. ఆమే నాన్నకి ఫోన్ చేశారు.

"మీరే ఎందుకంటే సార్, అబద్ధం చెప్పాల్సి వస్తే మీ చెవులు ఎర్రబడతాయి. అలాంటి మనిషే పిల్లలకి చెప్పాలి" అన్నారట. "నాలుగు శనివారాలు చూద్దాం. పిల్లలకి నచ్చితే ఏడాదంతా మీదే."

రిటైరయ్యాక ఆరు నెలలుగా నాన్న చేస్తున్న పని ఏమిటంటే, ఉదయం లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కూర్చుని, దారిన పోయేవాళ్లని అనుమానించడం. ఆ ఫోన్ వచ్చిన రోజు ఆయన విజయనగరం వెళ్లి మూడు కొత్త చొక్కాలు కొనుక్కొచ్చాడు. ఖాకీ కాని చొక్కాలు ఎన్నుకోవడం అలవాటు లేక, మూడూ లేత గోధుమ రంగువే తెచ్చాడు.

తర్వాత పదిరోజులు మా వంటిల్లు శిక్షణ కేంద్రం అయింది. నేను అట్టముక్కల మీద ఒకవైపు పాత సెక్షను, రెండోవైపు కొత్త సెక్షను రాసిచ్చాను. అమ్మ వాటిని పోపుల డబ్బా పక్కన పెట్టుకుని పరీక్ష పెట్టేది.

"దొంగతనం ఏటి?"

"మూడొందల డెబ్బై తొమ్మిది."

"అది మీ తాతల కాలంది. ఇప్పుడేటి?"

"మూడొందల... మూడు."

"ఇంట్లో సొరబడి దొంగతనం సేస్తే?"

"ఒసే, ముందు కాఫీ ఇయ్యి."

"సెక్షను సెప్పు, కాఫీ వస్తాది."

"ముద్దాయికైనా నీలు ఇస్తారే స్టేషన్లో!"

"ఇది స్టేషను కాదు, నా వంటిల్లు. ఇక్కడ బెయిలు లేదు."

మొదటి శనివారం ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. దారిలో ఒప్పందం కుదుర్చుకున్నాం: కాలేజీ గేటు దాటాక ఆయన నాకు సార్, నేను ఆయనకి ఎవరో ఒక అమ్మాయి. నేనైతే వెంటనే ఒప్పుకున్నాను. పోలీసు కూతురిగా ఇరవై రెండేళ్లు బతికిన మనిషికి, ఎవరో ఒక అమ్మాయి కావడం కన్నా సుఖం ఏముంటుంది.

క్లాసులో అడుగుపెట్టగానే నాన్న చేసిన మొదటి పని తలుపు మూసి గడియ పెట్టడం. రెండోది కిటికీలు ఎన్ని ఉన్నాయో లెక్క చూడటం. మూడోది, చివరి బెంచీలో నవ్విన అబ్బాయి వైపు వేలు చూపించి "నిన్ను నానెక్కడో సూసినాను" అనడం. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. తర్వాత తేలింది, వాడు మా బస్సులోనే వచ్చాడు.

బోర్డు మీద దొంగతనానికి మళ్లీ 379 అనే రాశాడు. ముందు బెంచీ అమ్మాయి లేచి, కొత్త చట్టంలో 303 కదా సార్ అంది. నాన్న తుడిచి, 303 రాసి, "థాంక్యూ మేడమ్" అని సెల్యూట్ కొట్టాడు. అలవాటు మీద కొట్టాడో, కావాలని కొట్టాడో ఇప్పటికీ చెప్పడు. క్లాసంతా నవ్వింది, కానీ మంచి నవ్వే. నాకు ఊపిరి ఆడింది.

రెండో శనివారం మా ఒప్పందం బయటపడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా డబ్బాలోనూ, సార్ డబ్బాలోనూ ఒకే దొండకాయ వేపుడు, ఒకే ఆవకాయ, ఒకే తీరున మడిచిన ఒకే పేపరు. మా క్లాసువాళ్లు నేర న్యాయం చదువుతున్నారాయె. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూసి, నన్ను అడగకుండానే తీర్పు చెప్పేశారు. "పరిస్థితుల సాక్ష్యం బలంగా ఉన్నాది" అని నాన్న కూడా ఒప్పేసుకున్నాడు. గేటు లోపల పిలుపులు మాత్రం మారలేదు.

మూడో శనివారం మాత్రం నేను పాడుచేశాను.

ఆ రోజు పాఠం మధ్యవర్తుల నివేదిక. దొంగతనమో మరొకటో జరిగినచోటికి పోలీసు వెళ్లి, ఊళ్లో ఇద్దరు మనుషుల్ని పక్కన పెట్టుకుని, అక్కడ ఏముందో ఉన్నదున్నట్టు రాసి వాళ్ల సంతకాలు తీసుకునే కాగితం అది. కేసు కోర్టుకి వెళ్తే ఆ చోటుని జడ్జిగారు చూడరు, ఈ కాగితాన్నే చూస్తారు. నాన్న తన సర్వీసంతా వాడిన నమూనా ఒకటి జిరాక్సులు తీయించి అందరికీ పంచాడు. ఖాళీలు పూరించడమే మన పని. పాత ఫోటోని చూపించినట్టు ముచ్చటగా చదివాడు:

"మేము పై మధ్యవర్తులము, హెడ్ కానిస్టేబుల్ గారి పిలుపు మేరకు నేరస్థలమునకు చేరుకొని చూడగా, సదరు ఇల్లు తూర్పు ముఖముగా ఉండి, ఒంటి రెక్క చెక్క తలుపు కలిగి, తాళము పగులగొట్టబడి యున్నది..."

నేను చెయ్యెత్తాను. "సార్, అన్ని ఇళ్లూ తూర్పు ముఖమేనా? మన జిల్లాలో దొంగలకి వాస్తు పట్టింపా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అక్కడితో కూర్చోవచ్చు. కానీ క్లాసు నవ్విందంటే నాకు రెండో ముద్ద కావాలి.

"ఇంత బాగా రాసి ఉంచుకుంటే, వెళ్లకుండానే రాసేయొచ్చు కదా సార్?"

మళ్లీ నవ్వారు. నాన్న నవ్వలేదు. చేతిలో కాగితాన్ని చూశాడు, బోర్డుని చూశాడు, నన్ను చూడలేదు. చెవులు రెండూ పండు మిరపకాయల్లా అయ్యాయి. వెనక్కి తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద ఆ రోజు ఆయన ఇంకా ఏమీ రాయలేదు.

"ఈ రోజుకి సాలు" అన్నాడు. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

తిరుగు బస్సులో, ఎప్పుడూ తను కూర్చునే కిటికీ పక్క సీటు నాకు ఇచ్చాడు. కోపం వస్తే ఇవ్వడు, కాబట్టి అది కోపం కాదు. గజపతినగరం వస్తుండగా అన్నాడు: "మేడమ్‌కి ఒక మెసేజ్ పెట్టాల. వచ్చే వారం నుంచి రాలేనని. అనారోగ్య కారణముల దృష్ట్యా అని రాయి."

"ఏటి అనారోగ్యం?"

"జ్వరం."

చెవులు అబద్ధమని చెప్పాయి. నేను రాశాను గానీ పంపలేదు. ఆదివారం నెట్ లేదన్నాను. సోమవారం ఛార్జింగ్ లేదన్నాను. మంగళవారానికి నా దగ్గర సాకులు అయిపోయాయి. ఆ ఉదయం ఆయన వరండాలో మూడు గోధుమ రంగు చొక్కాలూ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ట్రంకు పెట్టెలో యూనిఫాం పక్కన పెట్టడం చూశాను. ట్రంకు మూతవేసి, దాని మీద ఒక నిమిషం చెయ్యి ఉంచాడు. నా జోకులు చాలావాటికి క్షమాపణలు చెప్పాను గానీ, దీనికి ఎలా చెప్పాలో, అసలు ఏం తప్పు చేశానో తెలియలేదు. అమ్మ దగ్గరికి వెళ్లి క్లాసులో జరిగింది చెప్పాను.

అమ్మ తోటకూర తుంచుతోంది. "ఆ తలుపు గొడవ తీసినావేటి?" అంది వెంటనే.

"ఏ తలుపు?"

"నువ్వప్పుడు రెండో క్లాసు. మీ నాన్న సముద్రం ఒడ్డు స్టేషన్లో హెడ్డు. ఒక పల్లెకారి ఆవిడ వచ్చి, ఇంట్లో ఎట్టుకున్న పడవ ఇంజను రాత్రి ఎవులో పట్టుకుపోయినారని ఏడిసింది. ఎల్లి సూసి రాయాల. ఆ రోజు ఈయనకి బందోబస్తు. మర్నాడు జీపు నేదు. ఇసకలో నడిసి ఎల్లాల. ఈలోగా ఫైలేదీ అని పైవోళ్లు. స్టేషన్లోనే కూకుని రాసేసినాడు. సంతకాలు పెట్టినోళ్లు కూడా అక్కడికే వచ్చి టీ తాగి పెట్టినారు."

"దొంగ దొరకలేదా?"

"దొరికినాడు! ఇంజనుతో పాటు దొరికినాడు. అది నాదేనన్నాడు. కోర్టులో వాడి వకీలు లేచి ఆవిడ్ని అడిగినాడట, ఏమ్మా, మీ తలుపు ఏ కర్రతో సేయించారు అని. ఆవిడ సదువుకున్న మనిషి కాదు. ఉన్నది సెప్పింది. మా ఇంటికి తలుపెక్కడిది బాబూ, గుమ్మానికి పాత వల కడతాం అంది. మరి పగలగొట్టిన తాళం? తలుపే నేకపోతే తాళం దేనికెడతాం బాబూ అంది."

అమ్మ తోటకూర కాడ ఒకటి పుటుక్కున తుంచింది.

"కాయితం అబద్ధమైతే కేసు నిలబడుద్దా? కొట్టేసినారు. ఇంజను ఎవడి దగ్గర దొరికిందో వాడికే ఎల్లిపోయింది. కోర్టు బయట ఆవిడ మీ నాన్న దగ్గరికొచ్చిందట. తిడితే బాగుణ్ణు. రెండు సేతులూ ఎత్తి, మా ఇంటికి తలుపెట్టించినావు బాబూ, దండాలు, అని ఎల్లిపోయిందట. ఆ రోజు ఈయన అన్నం తిన్లేదు." ఇంకో కాడ అందుకుని, "మర్నాడు తిన్నాడనుకో" అని కలిపింది. నా నోరు మా అమ్మ దగ్గరి నుంచి వచ్చిందే.

నేను వరండాలోకి వెళ్లాను. నాన్న దారిన పోయేవాళ్లని కూడా అనుమానించడం లేదు. ఊరికే చూస్తున్నాడు.

"నాన్నా, ఆవిడకి ఇంకా నీ మీద కోపం ఉందంటావా?"

ఎవరు అని అడగలేదు. "ఉంటాది. తిట్టుకుంటాది. ఉసురు పోసుకున్నాను కదా."

"వెళ్లి చూశావా?"

"లేదు."

"మరి ఇది కూడా వెళ్లకుండానే రాసేసుకున్నావా?"

ఈసారి నేను నవ్వించడానికి అనలేదు. నోటికి అలవాటైన తీరులో వచ్చింది, అంతే. నాన్న నా వైపు చాలాసేపు చూశాడు. ముద్దాయి నిజం చెప్తున్నాడో లేదో చూసే చూపు అది, చిన్నప్పుడు జంతికల డబ్బా విషయంలో చాలాసార్లు ఎదుర్కొన్నాను.

"రేపు పొద్దుట బస్సెన్నింటికి?" అన్నాడు.

విజయనగరంలో ఒక బస్సు మారి, శ్రీకాకుళంలో ఇంకొకటి మారి, ఆ పైన ఆటో ఎక్కాం. తారు రోడ్డు అయిపోయినచోట ఆటో ఆపి, ఇక ఇసకే అన్నాడు డ్రైవరు. నాన్న దిగి చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. అక్కడి నుంచి ఊరెంత దూరమో తెలుసా? నేను కావాలనే చూశాను. ఫోన్‌లో పదకొండు నిమిషాలు. నాన్న కూడా తన గడియారం చూసుకున్నాడు.   కొన్ని జోకులు వాటంతటవే నడిచి వస్తాయి, మనం ఎత్తుకోనక్కర్లేదు.

పల్లెలో పాకలు పోయి, కాలనీ ఇళ్లు వచ్చాయి. రెండిళ్ల దగ్గర అడిగితే మూడో ఇల్లు చూపించారు. ఇంటి ముందు ఒకావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. యాభై అయిదు దాటి ఉంటాయి. పక్కన నీడలో ఒకాయన, ఆమె పెనిమిటే, వల బాగుచేసుకుంటున్నాడు. నాన్న వెళ్లి అటెన్షన్‌లో నిలబడ్డాడు. జుట్టు పోయింది, బొజ్జ వచ్చింది, ఖాకీ లేదు. ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఓలమ్మ! తలుపు హెడ్డుగోరు!"

పదిహేనేళ్ల సంగతి ఆమె ఒక్క పిలుపులో పట్టుకుంది. 

"ఏటి బాబూ, ఇంకో తలుపెట్టిస్తావేటి?"

"లేదమ్మా. మీ ఇల్లు సూద్దామని వచ్చినాను."

"ఇప్పుడా?" అందామె. పెనిమిటి వైపు తిరిగింది. "ఇన్నావా, సూద్దామని వచ్చినాడట. అప్పుడు పిలిస్తే ఇప్పుడొచ్చినాడు."

"మా డిపార్టుమెంటు కొంచెం నెమ్మదమ్మా" అన్నాను నేను.

"ఈ గుంట ఎవులు?"

"మా అమ్మాయి. లాయరు సదువు సదువుతాది."

"అయితే నువ్వైనా వచ్చి సూసి రాయమ్మా. మీ అయ్య రాసినట్టు రాయకు."

నాన్న ఇంటి దగ్గర నుంచి తయారుచేసుకుని వచ్చిన మాటలేవో ఉన్నాయి. బస్సులో పెదవులు కదపడం చూశాను. అవేవీ రాలేదు. "తప్పు నాదమ్మా" అని మాత్రం అన్నాడు.

"నీదే బాబూ" అందామె, చేపలు తిరగేస్తూనే. "మరెవులిది, నాదేటి?"

 వెనకాల సముద్రం ఆపకుండా మాట్లాడుతోంది, దానికి సందర్భం తెలియదు.

"ఇంజను పోయినాక ఈయన గుజరాత్ బోట్లకి కూలికి ఎల్లిపోయినాడు" అందామె. "పదకొండేళ్లు. ఏడాదికి ఒక్కసారి వచ్చేవోడు. పిల్లలు ఈయన్ని సూసి దాక్కునేవోళ్లు, ఎవులో అనుకుని."

నాన్న తల వంచుకున్నాడు. వల కుడుతున్న ఆయన అప్పుడు మొదటిసారి నోరు తెరిచాడు.

"అక్కడ సపాతీలు అలవాటైపోయినాయి బాబు. ఇది సేయదు. అదొక్కటే కష్టం."

"సేస్తాను, సేస్తాను. సముద్రం ఎండిపోయినాక సేస్తాను" అందామె. తర్వాత నాన్నతో, గొంతు కొంచెం దించి: "ఆ ఏడంతా నీ మీద కోపం ఉండేది బాబూ. అబద్ధం ఎందుకు. తర్వాత తుపాను వచ్చినాది. కోపం దాని మీదకి ఎల్లిపోయినాది. ఒక మనిషికి ఎన్నని ఉంటాయి కోపాలు. కూకో, టీ ఎడతాను."

నాన్న కూర్చున్నాడు. టీ తాగాడు. తను ఇప్పుడు పిల్లలకి పాఠం చెప్తున్నానని, ఈ సంగతి వాళ్లకి చెప్పవచ్చా అని, కాలేజీలో అనుమతి అడిగే పిల్లాడిలా అడిగాడు.

"సెప్పు. నా పేరు సెప్పకు, తలుపు మాట సెప్పు" అందామె. "సెప్పి ఊరుకోకు. ఆళ్లని ఇసకలో నడిపించు."

లేచే ముందు నాన్న చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇల్లు దక్షిణ ముఖం. గుమ్మానికి నీలం రంగు వేసిన ఒంటి రెక్క తలుపు ఉంది. దాన్ని మూయబోయాడు, సగం వచ్చి ఆగింది. భుజంతో తోశాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నో తలుపులు తోసి తెరిచిన భుజం అది, ఒక తలుపు మూయడానికి పనికిరాలేదు.

"ఒగ్గేయి బాబూ" అని నవ్విందామె. "ఉప్పుగాలికి ఉబ్బిపోయినాది. వచ్చినకాడి నుంచి మూసింది నేదు. పోతేపోనీ, ఎండుచేపలు ఎవులు పట్టుకుపోతారు?"

ఆ ఎండుచేపలే ఒక పొట్లం కట్టి నాన్న చేతిలో పెట్టింది. వద్దంటే, "లంచం కాదులే, తీసుకో" అంది. తిరుగు బస్సులో ఆ పొట్లం పుణ్యమా అని మా చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. నాన్న కాళ్లు చాపుకుని నిద్రపోయాడు. కిటికీ పక్క సీటు మాత్రం మళ్లీ ఎప్పటిలా ఆయనే తీసుకున్నాడు. నాకు అది చాలా సంతోషం కలిగించిందని చెప్తే అతిగా ఉంటుంది గానీ, కలిగించింది.

గురువారం ట్రంకు పెట్టెలోంచి చొక్కా ఒకటి బయటికి వచ్చింది. నా ఫోన్లో ఉన్న జ్వరం మెసేజ్‌ని చెరిపేశాను.

నాలుగో శనివారం ప్రిన్సిపాల్ మేడమ్ చివరి బెంచీలో వచ్చి కూర్చున్నారు. ఏడాదంతా ఉంచాలా, ఇక్కడితో దండ వేసి పంపాలా అని తేల్చే రోజు. నాన్న లోపలికి వచ్చాడు. ఈసారి తలుపు గడియ పెట్టలేదు. కిటికీలు చూడలేదు. నన్ను చూశాడు.

"పోయిన వారం ఒకమ్మాయి అడిగింది, వెళ్లకుండానే రాసేయొచ్చా అని. నేను జవాబు చెప్పకుండా వెళ్లిపోయాను." పుస్తకాల భాషలో మొదలుపెట్టాడు, రెండు వాక్యాలు కూడా నిలవలేదు. "రాసేయొచ్చు. నాను రాసినాను."

ఆ తర్వాత పావుగంట ఆయన బందోబస్తు గురించి, దొరకని జీపు గురించి, టీ తాగి సంతకాలు పెట్టినవాళ్ల గురించి, కోర్టులో అడిగిన కర్ర గురించి చెప్పాడు. ఊరి పేరు చెప్పలేదు, ఆమె పేరు చెప్పలేదు. పై అధికారి మీదకి తొయ్యడానికి ఒకటి రెండుచోట్ల సందు దొరికింది, తొయ్యలేదు. గుజరాత్ దగ్గరికి వచ్చేసరికి బల్ల మీది సీసా అందుకున్నాడు. నీళ్లు తాగాడు. నేను బల్ల కిందకి చూస్తూ కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో వేయదగ్గ జోకులు నాకు రెండు తట్టాయి. రెండూ మంచివే. వదిలేశాను.

"అక్కడికి ఇసకలో పదకొండు నిమిషాల నడక" అన్నాడు చివరికి. "మొన్న బుధవారం నడిసినాను."

ఆయన చెవుల వైపు చూశాను. మామూలుగానే ఉన్నాయి. చివరి బెంచీలో మేడమ్ కూడా అటే చూస్తూ తల ఊపారు.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "ఇప్పుడు కొత్త చట్టంలో సోదాకి వీడియో తీయాలి కదా సార్. ఇక అలా జరగదు కదా?"

"వీడియో తియ్యాలన్నా ముందు ఎల్లాల కదా మేడమ్" అన్నాడు నాన్న. "ఎల్లకుండా ఉండటానికి మనిషికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతాది. నాకూ దొరికింది."

పాత నమూనా జిరాక్సులు అందరి దగ్గరి నుంచీ వెనక్కి తీసుకుని, తెల్ల కాగితాలు పంచాడు. గేటు ఎదురుగా ఉన్న టీ దుకాణం దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్లి, ఉన్నది రాసుకు రమ్మన్నాడు. రోడ్డు దాటడమే గానీ ఇసక దొరకలేదని తర్వాత ఇంట్లో విచారించాడు. అందరూ లేస్తుంటే, మొదటి రోజు మా బస్సులో వచ్చిన ఆ వెనకబెంచీ అబ్బాయి మాత్రం లేవకుండా అడిగాడు:

"సార్, ఆ ఇంటికి ఇప్పుడైనా తలుపుందా?"

నాన్న జేబులో చిన్న పుస్తకం ఉంది. తీయలేదు. నా వైపు చూపించాడు.

"నాతో పాటు ఒక సాక్షి వచ్చినాది. ఆవిడ్ని అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. మామూలుగా అయితే నాకు అంతకన్నా కావలసింది ఏముంది. లేచి నిలబడ్డాను. 

"ఉంది. నీలం రంగు, ఒంటి రెక్క. ఇల్లు దక్షిణ ముఖం. ఉప్పుగాలికి తలుపు ఉబ్బింది, మూస్తే సగం వరకే వస్తుంది. నేను చూశాను."

"తాళం?" అన్నాడు ఆ అబ్బాయి.

"లేదు."

"కూకో, అమ్మా" అన్నాడు నాన్న. గేటు లోపల, ఇంట్లో పిలిచినట్టే, ఒప్పందం మరచిపోయి.